టెక్సస్ హైస్కూల్లో క్వయర్, థియేటర్ రెండూ తీసుకుంటే ఏడాది ఎలా నడుస్తుంది?

ప్రశ్న: ఫ్రిస్కో నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతోంది, వచ్చే ఆగస్టులో హైస్కూల్లో చేరుతుంది. కోర్సుల ఎంపిక ఫారం త్వరలో ఇచ్చేయాలి. క్వయర్ (బృందగానం), థియేటర్ రెండూ తీసుకుంటానని తను పట్టుబడుతోంది. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ వర్ణాల దాకా వచ్చింది. మిడిల్ స్కూల్ నాటకంలో చిన్న వేషం వేసినప్పటి నుంచి రంగస్థలం మీద కూడా మనసు పడింది.

నేనూ మా వారూ ఆంధ్రలో చదువుకున్నవాళ్లం. మా బడిలో పాటైనా, నాటకమైనా వార్షికోత్సవానికి ముందు కొన్నాళ్లు సాధన చేసి, ఆ సాయంత్రం ప్రదర్శించి, మళ్లీ ఏడాది దాకా మరిచిపోయేవి. ఇక్కడ అవి లెక్కలు, సైన్సులాగే రోజూ పీరియడ్ ఉన్న సబ్జెక్టులనీ, వాటికి రాష్ట్రస్థాయి పోటీలు కూడా ఉంటాయనీ వింటున్నాము. అయితే ఆగస్టు నుంచి మే వరకు పిల్లల రోజులు వాస్తవంగా ఎలా గడుస్తాయో మాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో స్పష్టంగా చెప్పినవారు లేరు.

మా వారి ఆందోళన క్లాస్ ర్యాంకు గురించి. మా అత్తగారి సందేహం వేరు: క్వయర్‌లో ఎక్కువగా చర్చి పాటలే పాడిస్తారట కదా అని ఆవిడ అడుగుతున్నారు. నాకు మాత్రం తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఒకటే. ఇన్నేళ్లుగా నేర్చుకున్న కర్ణాటక గాత్రానికి క్వయర్ వల్ల మేలు జరుగుతుందా, గొంతు రెండు దారుల్లో చీలిపోతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం 1: ప్లేనో, క్వయర్‌లో నాలుగేళ్లు పాడిన అమ్మాయి తల్లి

మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. మా అమ్మాయి హైస్కూల్ పూర్తి చేసి వెళ్లిపోయినా, ఆ క్యాలెండర్ ఇప్పటికీ నాకు కంఠస్థంగా ఉంది.

క్వయర్ ఏడాది నిజానికి ఆగస్టులో కాదు, వేసవిలోనే మొదలవుతుంది. టెక్సస్ మ్యూజిక్ ఎడ్యుకేటర్స్ అసోసియేషన్, అంటే అందరూ టీఎంఈఏ అనే సంస్థ, రాష్ట్రమంతటి నుంచి ఎంపికైన పిల్లలతో ఏర్పడే ఆల్ స్టేట్ క్వయర్ ఆడిషన్ పాటలను ముందుగానే ప్రకటిస్తుంది. ఆసక్తి ఉన్న పిల్లలు సెలవుల్లోనే ఆ స్వరపత్రాలు చేతబట్టుకుని సాధన ప్రారంభిస్తారు, కొందరు వేసవి శిబిరాలకు కూడా వెళతారు. బడి తెరిచాక డైరెక్టర్ ప్రతి పిల్ల గొంతునూ విడిగా విని, సొప్రానో (పై స్వరాలు), ఆల్టో (కింది స్వరాలు) విభాగాల్లో ఏదో ఒకదానిలో కూర్చోబెడతారు. మగపిల్లలైతే టెనర్, బాస్ విభాగాలు. తొమ్మిదో తరగతి అమ్మాయిలు చాలావరకు అమ్మాయిల గొంతులే ఉండే ట్రెబుల్ క్వయర్‌తో ప్రారంభించి, ఆ తరువాత ఆడిషన్ ద్వారా ఆడా మగా కలిసి పాడే పై స్థాయి వర్సిటీ మిక్స్‌డ్ క్వయర్‌లోకి వెళతారు. మొదటి ఏడాదే వర్సిటీలో స్థానం దొరకలేదని మీ అమ్మాయి బాధపడితే, అది గొంతు మీద ఇచ్చిన తీర్పు కాదని ముందే చెప్పి ఉంచండి. పై తరగతుల పిల్లల సంఖ్య, ఏ విభాగంలో ఖాళీలున్నాయి అన్న లెక్క కూడా అందులో ఉంటుంది.

శరదృతువు మొత్తం ఆల్ స్టేట్ ఆడిషన్ల చుట్టూ తిరుగుతుంది. ఇది రీజియన్, ప్రీ ఏరియా, ఏరియా అంటూ అంచెలంచెలుగా సాగే వడపోత. న్యాయనిర్ణేతలు పాడేవారిని చూడరు. పిల్లలకు అంకెలే గుర్తింపు, పేరు గానీ బడి గానీ ఎవరూ చెప్పరు. మన పిల్లలు రంగు, రూపం, ఇంటిపేరు వల్ల ఏదైనా వివక్ష ఎదుర్కొంటారేమోనని భయపడే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పే మాట ఇదే. సిద్ధం చేసుకున్న పాటలతో పాటు, పై అంచెలకు వెళ్లినకొద్దీ సైట్ రీడింగ్ కూడా పరీక్షిస్తారు. అప్పటిదాకా ఎన్నడూ చూడని స్వరపత్రం ఇచ్చి, కొద్ది సేపు చదువుకోనిచ్చి, పాడమంటారు. ఏరియా ఆడిషన్ జనవరిలో ముగుస్తుంది. దాన్ని దాటినవారు ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియోలో జరిగే టీఎంఈఏ సదస్సుకు వెళ్లి, పేరుపొందిన కండక్టర్ల వద్ద కొన్ని రోజులు సాధన చేసి, చివరిరోజు కచేరీలో పాడతారు. రాష్ట్రం నలుమూలల నుంచి ఎంపికైన గొంతులు ఒక్కటై పలికే ఆ నాదాన్ని వింటే, ఇంత పెద్ద వడపోత ఎందుకో అర్థమవుతుంది. మా అమ్మాయి అక్కడిదాకా వెళ్లలేదు, రీజియన్ క్వయర్ వరకు వెళ్లింది. ఆ ఒక్క అంచె కోసం చేసిన సాధనే ఆమె చెవిని మార్చివేసింది.

ఈ మధ్యలో అక్టోబరు ప్రాంతంలో ఒక కచేరీ, డిసెంబరులో శీతాకాల కచేరీ ఉంటాయి. ఒంటరిగా గానీ చిన్న బృందంగా గానీ పాడే సోలో అండ్ ఎన్‌సెంబుల్ పోటీ కూడా ఉంటుంది. అందులో అతి కష్టమైన శ్రేణి అయిన క్లాస్ 1 పాటను స్వరపత్రం చూడకుండా పాడి మొదటి శ్రేణి రేటింగ్ తెచ్చుకున్నవారు విద్యాసంవత్సరం చివర జరిగే రాష్ట్ర పోటీకి అర్హులవుతారు.

ఇక వసంతంలో అసలు పరీక్ష యూఐఎల్ కాన్సర్ట్ అండ్ సైట్ రీడింగ్. యూఐఎల్ అంటే యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆధ్వర్యంలో నడిచే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. బడుల మధ్య ఆటలు, సంగీతం, నాటకం, వక్తృత్వం అన్నిటి పోటీలనూ అదే నిర్వహిస్తుంది. ఇక్కడ ఒక బడి మీద మరొక బడి గెలవడం ఉండదు. ప్రతి క్వయర్‌నూ నిర్ణీత ప్రమాణంతో కొలిచి, 1 నుంచి 5 వరకు రేటింగ్ ఇస్తారు, 1 అత్యుత్తమం. ముగ్గురు న్యాయనిర్ణేతలు కచేరీని వింటారు, మరో ముగ్గురు సైట్ రీడింగ్ గదిలో కూర్చుంటారు. రెండింటిలోనూ 1 వస్తే దానిని స్వీప్‌స్టేక్స్ అంటారు. సైట్ రీడింగ్ గదిలో డైరెక్టర్‌కు పిల్లలతో మాట్లాడడానికి కొద్ది నిమిషాలే దొరుకుతాయి. ఆ తరువాత పియానో సాయం లేకుండా బృందమంతా కొత్త పాటను పాడాలి. ఏడాది పొడవునా క్లాసులో రోజూ చేసిన సాధన ఫలితం ఆ గదిలో బయటపడుతుంది. నా ఉద్దేశంలో హైస్కూల్ క్వయర్ పిల్లలకు ఇచ్చే అతి విలువైన చదువు కూడా అదే.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. కచేరీ దుస్తులు, ఫీజు, ప్రయాణం అన్నీ కలిసి చెప్పుకోదగ్గ మొత్తమే అవుతుంది. ఏడాది మొదట్లో ఇచ్చే హ్యాండ్‌బుక్‌లో వివరాలుంటాయి. ఇబ్బంది ఉన్న కుటుంబాలకు తల్లిదండ్రులు నడిపే బూస్టర్ క్లబ్ గుట్టుగా సాయం చేస్తుంది, డైరెక్టర్‌ను విడిగా అడగడంలో నామోషీ ఏమీ లేదు.

సమాధానం 2: కేటీ, కొడుకు నాటకంలో లైట్లు చూసుకుంటున్న ఒక తండ్రి

పైన రాసిన సోదరి క్వయర్ గురించి చక్కగా చెప్పారు. నేను నాటకం వైపు రాస్తాను. మనవాళ్లు థియేటర్ అనగానే వేషం గురించే ఆలోచిస్తారు గానీ, బడి నాటకాన్ని మోసేది తెర వెనుక పిల్లలు. మా అబ్బాయికి వేదిక ఎక్కడం అంటే బిడియం. టెక్నికల్ థియేటర్ కోర్సులో చేరాడు. ఇప్పుడు లైట్ బోర్డు మీద క్యూలు (లైట్లు మారవలసిన ఘట్టాలు) రాసుకుంటాడు, వడ్రంగం చేస్తాడు, సెట్‌కు రంగులు వేస్తాడు. స్టేజ్ మేనేజర్‌గా ఉండే పిల్ల అయితే, ప్రతి నటుడు ఎప్పుడు ఎటు నడవాలి, ఏ మాట మీద ఏ లైటు మారాలి అన్నదంతా ఒక పుస్తకంలో రాసుకుని, ప్రదర్శన సాగుతున్నంతసేపూ హెడ్‌సెట్‌లో ఆదేశాలు ఇస్తూ ఉంటుంది. పదహారేళ్ల పిల్ల మీద అంత బాధ్యత పెట్టి, టీచర్ ప్రేక్షకుల మధ్య కూర్చోవడం చూసినప్పుడు నాకు ఈ చదువు మీద గౌరవం పెరిగింది.

సాధారణంగా ఏడాదికి మూడు పెద్ద ఘట్టాలుంటాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆడిషన్లు జరిపి, అక్టోబరు లేదా నవంబరులో ఒక నాటకం ఆడతారు. చాలా బడుల్లో జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో పాటలతో సాగే నాటకం, అంటే మ్యూజికల్ ఉంటుంది. క్వయర్, ఆర్కెస్ట్రా, డ్యాన్స్ విభాగాలన్నీ కలిసి చేసేది అదే కాబట్టి, మీ అమ్మాయి రెండు ఇష్టాలూ కలిసేచోటు అక్కడే. వసంతంలో వన్ యాక్ట్ ప్లే, అంటే ఏకాంకిక పోటీ. ఆ తరువాత మే నెలలో పై తరగతి పిల్లలు స్వయంగా దర్శకత్వం వహించే చిన్న నాటికలు కొన్ని బడుల్లో ఉంటాయి.

ప్రతి ప్రదర్శనకు ముందు టెక్ వీక్ అనే వారం ఒకటి వస్తుంది. లైట్లు, సౌండ్, దుస్తులు, సెట్ మార్పులు అన్నీ కలిపి మొదటిసారి నడిపిస్తారు. అప్పుడు పిల్లలు ఇల్లు చేరేది రాత్రికే. ఆ వారంలో పరీక్ష ఉంటే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి. మా ఇంట్లో ఆ వారానికి వంట, ప్రయాణం, హోంవర్కు అన్నిటికీ వేరే ఏర్పాటు ఉంటుంది.

వన్ యాక్ట్ ప్లే గురించి కొంచెం ఎక్కువ రాయనివ్వండి, ఎందుకంటే అది నా మనసుకు దగ్గరైన విషయం. నేను పెరిగింది తెనాలి దగ్గర. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన ఊరు అది. పరిషత్తు నాటికల పోటీలంటే ఏమిటో చూస్తూ పెరిగినవాడికి యూఐఎల్ వన్ యాక్ట్ ప్లే పరాయిది అనిపించదు. ఇక్కడా కాలపరిమితి ఉంది: నాటిక 40 నిమిషాలు దాటితే పోటీలో అనర్హత. సెట్ అమర్చడానికి 7 నిమిషాలు, ఖాళీ చేయడానికి 7 నిమిషాలు. డబ్బున్న బడి భారీ సెట్లతో గెలవకుండా, బూడిదరంగు వేదికలు, స్తంభాలు, మెట్లు వంటివి ఉండే యూనిట్ సెట్‌నే ప్రధానంగా వాడమంటారు. నాకు బాగా నచ్చిన నియమం అది. ఏ ఊరికైనా అవే దిమ్మెలు, తేడా చూపవలసింది నటన, దర్శకత్వం, వెలుతురు, శబ్దం. ప్రదర్శనలన్నీ అయ్యాక న్యాయనిర్ణేతలు ప్రతి బృందానికీ విమర్శ వినిపిస్తారు. తాము ఎక్కడ తడబడ్డామో పిల్లలు అక్కడే వింటారు. ఈ పోటీ 1927 నుంచి జరుగుతోంది. బడులను విద్యార్థుల సంఖ్యను బట్టి 1ఏ నుంచి 6ఏ వరకు విభజిస్తారు కాబట్టి, చిన్న పల్లె బడి నగరంలోని పెద్ద బడితో తలపడవలసిన అవసరం ఉండదు. జోన్, డిస్ట్రిక్ట్, బై డిస్ట్రిక్ట్, ఏరియా, రీజియన్ దాటిన నాటికలు రాష్ట్ర పోటీకి వెళతాయి. తొలి అంచెలోనే ఆగిపోయే బృందాలే ఎక్కువ. నా మాట ఏమిటంటే, ఆగిపోయిన ఏడాది కూడా మా అబ్బాయి నేర్చుకున్నది తక్కువ కాదు.

చదువు దెబ్బతింటుందన్న భయానికి టెక్సస్ చట్టంలోనే కొన్ని హద్దులున్నాయి. 1984 నాటి చట్టం నుంచి వచ్చిన 'నో పాస్ నో ప్లే' నియమం ప్రకారం ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే కనీసం మూడు వారాల పాటు పోటీల్లో పాల్గొనకూడదు, సాధన మాత్రం చేసుకోవచ్చు. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకు స్కూల్ డిస్ట్రిక్టులు మినహాయింపు ఇవ్వవచ్చు. బడి రోజులున్న వారంలో బడి వేళల బయట ఒక్కో కార్యక్రమానికి ఎనిమిది గంటలకు మించి సాధన చేయించకూడదన్న పరిమితి కూడా ఉంది. అయితే రెండు కార్యక్రమాల్లో ఉన్న పిల్లకు ఆ గంటలు వేర్వేరుగా లెక్కకు వస్తాయని గుర్తుంచుకోవాలి.

ఒక చిన్న మనవి. మ్యూజికల్ ప్రదర్శన మొత్తం ఫోనులో రికార్డు చేసి బంధువులకు పంపాలని మనందరికీ ఉంటుంది. కానీ బడివాళ్లు హక్కులున్న సంస్థల నుంచి లైసెన్సు కొనుక్కుని, ఒక్కో ప్రదర్శనకు రుసుము కట్టి ఆ నాటకాన్ని ఆడుతున్నారు. మాటలు మార్చడానికీ, అనుమతి లేకుండా చిత్రీకరించడానికీ ఆ ఒప్పందం ఒప్పుకోదు. బడికి ఇబ్బంది రాకుండా చూడడం మన బాధ్యత.

సమాధానం 3: షుగర్ ల్యాండ్, కర్ణాటక గాత్రం నేర్పే ఉపాధ్యాయిని

అమ్మా, మీ అసలు ప్రశ్న గాత్రం గురించి కాబట్టి దానికే జవాబు రాస్తాను. నా శిష్యుల్లో క్వయర్‌కు వెళ్లేవారు చాలామందే ఉన్నారు. గొంతు చీలిపోదు, అయితే ఏం మారుతుందో తెలిసి ఉండాలి.

మన పిల్లలు సరళీ వరుసలు మాయామాళవగౌళలో నేర్చుకుంటారు. అది 15వ మేళకర్త. అందులో రిషభ ధైవతాలు శుద్ధ స్వరాలు. పాశ్చాత్య సంగీతంలో మేజర్ స్కేల్ మన 29వ మేళకర్త ధీరశంకరాభరణం స్వరాలతో సరిపోతుంది, నేచురల్ మైనర్ నఠభైరవితో, హార్మోనిక్ మైనర్ కీరవాణితో సరిపోతాయి. కాబట్టి ఆగస్టుకు ముందే మీ అమ్మాయి చేత సరళీ, జంట వరుసలను శంకరాభరణం, నఠభైరవి స్వరస్థానాల్లో, గమకం లేకుండా, సూటిగా పాడించండి. క్వయర్‌లో డో రే మి అంటూ చేతి సంజ్ఞలతో పాడించే పద్ధతి ఆ పిల్లకు వారంలోనే పట్టుబడుతుంది, ఎందుకంటే డో ఎక్కడికి కదిలితే అక్కడే మన షడ్జం.

కష్టం ఎక్కడ వస్తుందంటే, మొదట శ్రుతి దగ్గర. మన ఆడపిల్లలు ఐదు, ఐదున్నర కట్టె శ్రుతిలో ఏళ్ల తరబడి పాడి, ఆ ఆధారానికి అలవాటుపడి ఉంటారు. క్వయర్‌లో ప్రతి పాటకూ ఆధారం మారుతుంది, ఒకే పాట మధ్యలో కూడా మారవచ్చు. పైస్థాయిలో పాడవలసివచ్చినప్పుడు గొంతును బిగబట్టి తోయకుండా, తేలికగా తల భాగంలో నాదం పలికించే పద్ధతి నేర్పుతారు. అది మన పిల్లలకు మొదట్లో బలహీనంగా, దొంగగొంతులా అనిపిస్తుంది. దానిని తిరస్కరించకుండా నేర్చుకోనివ్వండి. తారస్థాయి సులభమవడం వల్ల నా శిష్యుల్లో కొందరికి వర్ణాల పై సంచారాలు హాయిగా పలకడం నేను విన్నాను.

రెండో కష్టం గమకం. కర్ణాటక చెవి స్వరానికీ స్వరానికీ మధ్య జారుతుంది. నలభై మంది కలిసి పాడేచోట ఒక్క గొంతు జారినా శ్రుతి మసకబారుతుంది. అక్కడ సూటిగా, ఇక్కడ గమకంతో పాడడం రెండు వేర్వేరు అలవాట్లు. రెండు భాషలు మాట్లాడే పిల్లలు వాటిని కలగలపనట్టే, కొన్నాళ్లకు ఇవి కూడా దేనికవి నిలబడతాయి.

మూడోది, నా దృష్టిలో అతి ముఖ్యమైనది: హార్మనీ. మన సంగీతంలో ప్రక్కవారు పాడేదే మనమూ పాడతాం. క్వయర్‌లో ఆల్టోలు పాడే స్వరం వేరు, ప్రక్కన సొప్రానోలు పాడే రాగవరస వేరు. చెవి బాగా తయారైన కర్ణాటక విద్యార్థిని మొదటి వారాల్లో తెలియకుండానే సొప్రానోల వైపు లాగబడుతుంది. ఇంట్లో తంబూరా శ్రుతి పెట్టుకుని తన వరసను ఒంటరిగా పాడుకోవడం, తరువాత మిగిలిన వరసల రికార్డింగు వింటూ తనది పట్టు విడవకుండా పాడడం దీనికి మందు. అప్పుడు మన సంగీతంలో ఎప్పుడూ ఎదురుకాని ఒక అనుభవం ఆమెకు కలుగుతుంది. తన స్వరం ఒంటరిగా వింటే అర్థం లేనట్టు ఉంటుంది, నలుగురితో కలిసినప్పుడు దానికి నిండుదనం వస్తుంది.

గురువుగారికి మాత్రం క్వయర్ సంగతి ముందే చెప్పండి. ఆడిషన్ల వారాల్లో సంగీతం క్లాసులో కొత్త పాఠాలు తగ్గించి పాతవి చూసుకుంటే సరిపోతుంది. జలుబు, గొంతు అలసట ఉన్న రోజుల్లో రెండు చోట్లా పాడించవద్దు. ఆ ఒక్క విషయంలో పిల్లల మాట వినకండి.

సమాధానం 4: ఆస్టిన్, హైస్కూల్ క్వయర్, థియేటర్ రెండూ చేసి ఇప్పుడు విశ్వవిద్యాలయంలో చదువుతున్న అమ్మాయి

ఆంటీ, నమస్తే. మీ అత్తగారి సందేహానికి, అంకుల్ ఆందోళనకూ నా అనుభవం చెబుతాను.

క్వయర్‌లో లాటిన్ ప్రార్థనా గీతాలు, క్రైస్తవ భక్తి రచనలు తప్పకుండా వస్తాయి. పాశ్చాత్య బృందగాన సాహిత్యంలో చాలా భాగం చర్చిల కోసమే పుట్టింది కాబట్టి అది తప్పదు. డాలస్ దగ్గరి డంకన్‌విల్ స్కూల్ డిస్ట్రిక్టుకు సంబంధించిన కేసులో 1995లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, బాస్కెట్‌బాల్ ఆటల్లో టీచర్లు పిల్లల ప్రార్థనల్లో పాల్గొనడాన్ని తప్పుపట్టింది గానీ, క్వయర్ భక్తిగీతాన్ని పాడడాన్ని మాత్రం సంగీత విద్యలో భాగంగానే చూసింది. మా క్వయర్‌లో జానపదాలు, ఆఫ్రికన్ అమెరికన్ స్పిరిచువల్స్, కొత్త కవిత్వం కూడా ఉండేవి. మా అమ్మమ్మ నా కచేరీకి వచ్చి, లాటిన్ పాటకు కళ్లు మూసుకుని విన్నారు. త్యాగరాజ కీర్తనను మన దేవుడిని నమ్మనివారు కూడా నేర్చుకుని భక్తితో పాడుతున్నారు కదా అని ఆవిడే మా తాతయ్యతో అన్నారు.

ర్యాంకు విషయం నిజమైన సమస్యే. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్‌కు క్లాస్ ర్యాంకు హద్దు ఇంతకాలం పై 6 శాతం ఉండేది, 2026 శరదృతువు ప్రవేశాల నుంచి 5 శాతానికి తగ్గింది. అడ్వాన్స్‌డ్ కోర్సుల మార్కులకు సగటు లెక్కలో ఎక్కువ బరువు ఇచ్చే డిస్ట్రిక్టులో, మామూలు బరువున్న క్వయర్ క్లాసులో నూటికి నూరు వచ్చినా సగటు కొంచెం కిందికి లాగబడవచ్చు. కొన్ని డిస్ట్రిక్టులు ఫైన్ ఆర్ట్స్ గ్రేడ్లను ర్యాంకు లెక్కలో కలపవు, కొన్ని కలుపుతాయి. మీ డిస్ట్రిక్ట్ కోర్సు గైడ్‌లో ఆ పేజీ వెతికి చదవండి, ఊహించుకోవద్దు. అలాగే, టెక్సస్‌లో పట్టా రావాలంటే ఒక ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్ ఎలాగూ తప్పనిసరి. కాబట్టి మొదటి ఏడాది క్వయర్ గానీ థియేటర్ గానీ అదనపు భారం కాదు. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. ర్యాంకులో కొంత పోగొట్టుకున్నానేమో గానీ, ఎదుటివారి ముందు నిలబడి మాట్లాడగలగడం, పనిని పదిమందికి పంచి సమయానికి పూర్తిచేయించడం నాకు వచ్చాయంటే అది స్టేజ్ మేనేజర్‌గా పనిచేసినందువల్లే. ఈ లాభనష్టాలను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను. మీ అమ్మాయి కూడా లెక్కలన్నీ చూసి, తానే ఒప్పుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ మా వారికీ, అత్తగారికీ చదివి వినిపించాను. మా వారు కోర్సు గైడ్ తీసి చూశారు, మా డిస్ట్రిక్టులో మొదటి క్రెడిట్ విషయంలో పెద్ద చిక్కు లేదని తేలింది. ఇక ఒక్కటే సందేహం మిగిలింది. పైన రాసిన క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూస్తే, జనవరిలో ఏరియా ఆడిషన్, మ్యూజికల్ రిహార్సళ్లు ఢీకొంటున్నాయి, వసంతంలో వన్ యాక్ట్ ప్లే, క్వయర్ యూఐఎల్ ఢీకొంటున్నాయి. మొదటి ఏడాది పిల్ల రెండింటినీ మోయగలదా?

సమాధానం 2 రాసినవారు

అమ్మా, మోయగలిగిన పిల్లలు ఉన్నారు. తొమ్మిదో తరగతిలో మాత్రం రెండింటిలోనూ ముందువరుసలో ఉండాలని పట్టుబట్టవద్దని నా సలహా. క్వయర్‌ను పూర్తి స్థాయిలో తీసుకుని, థియేటర్ 1 క్లాసుతో పాటు శరదృతువు నాటకానికి ఆడిషన్ ఇవ్వనివ్వండి. మ్యూజికల్‌లో బృంద సభ్యురాలిగా చేరితే ముఖ్య పాత్రకు ఉండేంత రిహార్సల్ భారం ఉండదు. వన్ యాక్ట్ ప్లేను మొదటి ఏడాది ప్రేక్షకురాలిగా, వీలైతే తెర వెనుక బృందంలో (క్రూలో) ఉండి చూడనివ్వండి. ఆ పోటీలో ఎంపికైన పిల్ల మధ్యలో మానేస్తే బృందమంతా ఇబ్బంది పడుతుంది.

సమాధానం 1 రాసినవారు

నేనూ అదే చెబుతాను. దానికి ఒక్క మాట కలుపుతాను. రెండు విభాగాల డైరెక్టర్లు ఏళ్లుగా ఈ పిల్లలనే పంచుకుంటున్నారు, తేదీలు ఎక్కడ ఢీకొంటాయో వారికి మనకంటే బాగా తెలుసు. ఆడిషన్ ఫారంలో రావడం కుదరని తేదీలు రాయమని ఒక భాగం ఉంటుంది. రీజియన్, ఏరియా ఆడిషన్ తేదీలను, సంగీతం క్లాసు కచేరీలను, పండుగ ప్రయాణాలను అందులో తప్పకుండా రాయించండి. దాచి, ఎంపికయ్యాక చెప్పిన తేదీని ఎవరూ మన్నించరు. ఫారం ఇచ్చేముందు మీ అమ్మాయే స్వయంగా ఇద్దరు డైరెక్టర్లకూ ఈమెయిల్ రాసి, వచ్చే ఏడాది క్యాలెండర్ ముసాయిదా ఉంటే పంపమని అడగాలి. తల్లిదండ్రులు రాయడం కంటే పిల్లలు రాసిన ఉత్తరానికి వారు త్వరగా జవాబిస్తారు, ఆ పిల్ల ఎంత గట్టిగా కోరుకుంటోందో కూడా వారికి తెలుస్తుంది.